నెమలిమెట్ట కాలమానం

నాగావళి తీర విశ్వవిద్యాలయంలోని ప్రయోగశాలలన్నీ ఉదయం పదింటికి తెరిచి సాయంత్రం అయిదింటికల్లా మూసెయ్యాలని సర్క్యులర్ వచ్చినప్పుడు, అది తనకు వర్తించదనుకున్న మనిషి ఆ ప్రాంగణం మొత్తం మీద ఒక్కతే. ఆవిడ డాక్టర్ ఇప్పిలి హైమవతి. ఎమ్మెస్సీ ఆఖరి సంవత్సరంలో పదకొండు మంది పిల్లలకు ఖగోళశాస్త్రం చెబుతుంది. ప్రాంగణం వెనకనున్న నెమలిమెట్ట మీద ఒక గుమ్మటం, ఆ గుమ్మటంలో ఒక పెద్ద దూరదర్శిని ఆవిడ అధీనంలో ఉంటాయి. శనివారాలు సాయంత్రం ఊళ్లోవాళ్లకి కూడా చంద్రుణ్ని చూపిస్తూ ఉంటుంది.

సర్క్యులర్‌కి కారణం ఖగోళం కాదు, కోడిగుడ్లు. కెమిస్ట్రీ ల్యాబులో ఎవరో రాత్రిపూట బున్సెన్ బర్నర్ మీద కోడిగుడ్లు ఉడకబెట్టుకుంటున్నారని రిజిస్ట్రారుగారికి ఆకాశరామన్న ఉత్తరం వచ్చింది. విచారణ జరిపితే గుడ్లు దొరకలేదు గానీ పెంకులు దొరికాయి. దాంతో సర్క్యులర్ పుట్టింది. దాని వెనక జాబితాలో పద్నాలుగో అంశంగా "నక్షత్రశాల (దూరదర్శినితో సహా)" అని ఉంది. హైమవతి ఆ పేజీ తిప్పి చూడలేదు. మర్నాడు సాయంత్రం మెట్ట ఎక్కేసరికి గుమ్మటం తలుపుకి కొత్తగా ముఖం చూసి హాజరు వేసుకునే యంత్రం ఒకటి బిగించి ఉంది. అది ఆవిడ ముఖం చూసి, "పని వేళలు ముగిసినవి. ధన్యవాదములు" అంది.

పక్కనే మెట్ల మీద అటెండరు అప్పలకొండ కూర్చుని ఉన్నాడు. ఇరవై తొమ్మిదేళ్లుగా ఆ గుమ్మటాన్ని తిప్పే చక్రం అతని చేతిలోనే ఉంది.

"నన్నూ పొమ్మందండి మేడమ్. నాలుగుసార్లు సూపించాను మొహం. నాలుగుసార్లూ దన్నివాదాలు సెప్పింది. మర్యాదస్తురాలేనండి," అన్నాడు.

హైమవతి మర్నాడు పదింటికల్లా రిజిస్ట్రారు గదికి వెళ్లింది. ఆవిడకి తొందర ఉంది. జనవరి ముప్పై ఒకటిలోగా ప్రాక్టికల్ పరీక్ష పూర్తికాకపోతే పదకొండు మందికీ ఏడాది పోతుంది. వాళ్లలో లావేటి ధనలక్ష్మి అనే అమ్మాయికి బెంగళూరులో పరిశోధనకు సీటు వచ్చింది. మార్కుల జాబితా ఫిబ్రవరి ఒకటో తేదీ ఉదయానికల్లా అక్కడికి చేరాలి. చేరకపోతే ఆ సీటు ఇంకొకరిది.

రిజిస్ట్రారు కాకర్ల భీమశంకరంగారు ముప్పై మూడేళ్ల సర్వీసులో ఒక్క కాగితం కూడా నిబంధన చూడకుండా సంతకం చెయ్యని మనిషి. ఆ జనవరి నెలాఖరుకే రిటైరవుతున్నారు. ఆవిడ చెప్పిందంతా కళ్లు మూసుకుని విన్నారు.

"నక్షత్రాలు రాత్రిపూట వస్తాయంటారు."

"అవునండి."

"పగలు ఎక్కడికి వెళ్తాయి?"

"ఎక్కడికీ వెళ్లవండి. అక్కడే ఉంటాయి. వెలుగులో కనబడవు, అంతే."

భీమశంకరంగారు కళ్లు తెరిచారు. "అక్కడే ఉంటాయని మీరే అంటున్నారు. అంటే హాజరున్నట్టే. కనబడకపోవడం వేరే సంగతి. హాజరుండీ కనబడనివాళ్లు మన స్టాఫులోనూ ఉన్నారమ్మా. వాళ్ల కోసం వేళలు మార్చామా?"

హైమవతి పదకొండు మంది పేర్లున్న జాబితా ఆయన ముందు పెట్టింది. ఆయన జాలిపడి, "అయినా మీ ఇబ్బంది నేను కాదనడం లేదు. కమిటీ వేస్తాను," అన్నారు.

'నక్షత్ర వేళల సర్దుబాటు సంఘం' మూడు రోజుల్లో తయారైంది. రిజిస్ట్రారుగారు అధ్యక్షులు. కామర్సు డీను పాణిగ్రాహిగారు, పరీక్షల కంట్రోలరు పొట్నూరు త్రినాథరావుగారు సభ్యులు. ఖగోళం తెలిసినవాళ్లుంటే నిష్పాక్షికత దెబ్బతింటుందని హైమవతిని 'ఆహ్వానితురాలు'గా గోడవైపు కుర్చీలో కూర్చోబెట్టారు.

మొదటి సమావేశంలో పాణిగ్రాహిగారు ఒక ప్రశ్న వేశారు. "సూర్యుడు నక్షత్రమా, కాదా?"

"నక్షత్రమేనండి," అంది హైమవతి.

"పది నుంచి అయిదు దాకా అందుబాటులో ఉంటాడా?"

"ఉంటాడు గానీ..."

"మరింకేం!" అన్నారాయన, బల్ల మీద అరచెయ్యి వేసి.

సిలబస్ అప్పటికప్పుడే సవరించారు. ప్రాక్టికల్ జాబితాలో 'శనిగ్రహ వలయాలు' అన్నచోట 'సూర్యుని వలయాలు (ఉన్నచో)' అని మార్చారు. 'జంట నక్షత్రం' అన్నచోట 'సూర్యుడు, రెండు పర్యాయములు' అని రాశారు. 'నక్షత్రాల గుంపు' దగ్గర కాస్త ఆలోచించి, 'సూర్యుడు, తగినన్ని పర్యాయములు' అన్నారు. మినిట్స్ మీద అందరూ సంతకాలు చేశారు. ఆహ్వానితులకు సంతకం అక్కర్లేదన్నారు.

హైమవతి ఉన్నదానితోనే పరీక్ష గట్టెక్కిద్దామనుకుంది. దూరదర్శినిలోంచి సూర్యుడి బింబాన్ని తెల్ల అట్ట మీద పడేట్టు చేసి, దాని మీది మచ్చలు లెక్కపెట్టమంది. పిల్లలు ఒకరి తర్వాత ఒకరు వచ్చి బుద్ధిగా లెక్కపెట్టారు. ఏడు మచ్చలున్నాయి. పదకొండు మందీ 'ఏడు' అని రాశారు. ఎన్నాళ్లకో తన క్లాసు మొత్తం ఒక్క తప్పూ చెయ్యలేదని హైమవతి సంబరపడింది.

ఆ సంబరం రెండు రోజులుంది. మూడో రోజున కంట్రోలరు త్రినాథరావుగారు కబురు చేశారు. పొడుగాటి మనిషి. జేబుకి నాలుగు రంగుల పెన్నులు. ఇరవై ఆరేళ్లుగా పరీక్షలు నడుపుతూ ప్రపంచంలో సగం మంది కాపీ కొడతారనీ, మిగతా సగం ఇంకా దొరకలేదనీ నిశ్చయానికి వచ్చారు.

"పదకొండు మందికీ ఏడే!" అన్నారు, కాగితాలు వేళ్లతో తట్టి.

"మచ్చలు ఏడే ఉన్నాయండి."

"జవాబు వాళ్లకి ఎవరు చెప్పారు? మీరా?"

"నేను చెప్పలేదండి. సూర్యుడి మీద కనబడింది, చూసి రాశారు."

"చూసి రాశారు," అని ఆయన ఎర్ర పెన్నుతో రాసుకున్నారు. "జవాబు హాలు బయట ఉంది. దాన్ని చూసి రాశారు. దీన్ని మేం ఏమంటామో తెలుసాండీ?"

మర్నాడే విచారణ పెట్టారు. ధనలక్ష్మిని ముందు పిలిచారు. ఆ అమ్మాయి సన్నగా, పొట్టిగా ఉంటుంది గానీ గొంతు మాత్రం గట్టిది.

"పక్కవాళ్లది చూసి రాశావా అమ్మా?"

"లేదండి. అందరం ఒకే సూర్యుణ్ని చూసి రాసినాం."

"ఒప్పుకుంది. రాసుకోండి," అన్నారు త్రినాథరావుగారు గుమాస్తాతో.

"ఏటి ఒప్పుకున్నానండి నేను? ఇంకో సూర్యుడుంటే సూపించండి, దాన్ని సూసి రాస్తాను!"

ఆ ఆఖరి మాట మాత్రం విచారణ సంఘానికి నచ్చింది. ఒక పరీక్షలో పక్కపక్కన కూర్చున్న ఇద్దరికి ఒకే ప్రశ్నాపత్రం ఇవ్వకూడదన్నది పాత నిబంధనే. ఇన్నాళ్లూ ఖగోళశాఖలో ఎవరూ పాటించలేదని బయటపడింది. జరిగిన పరీక్ష రద్దు చేసి తీర్పు రాశారు: "జనవరి 31 లోపు పరీక్ష మరల నిర్వహించవలెను. ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క నక్షత్రము వంతున పదకొండు నక్షత్రములు, పని వేళలయందే సమకూర్చవలెను."

పగటిపూట దొరికేది ఒక్కటే. ఇంకా పది కావాలి. కమిటీ మళ్లీ కూర్చుంది.

పాణిగ్రాహిగారు గుమ్మటం మీద టార్పాలిన్ కప్పితే పగలే చీకటి పడుతుందన్నారు. చీకటి పడుతుంది గానీ, దాంతోపాటు ఆకాశం కూడా మూసుకుపోతుందని హైమవతి చెప్పింది. టార్పాలిన్‌కి చిల్లులు పెడితే, అన్నారాయన. చిల్లుల్లోంచి మళ్లీ సూర్యుడే కనబడతాడంది. "ప్రతిదానికీ ఈ సూర్యుడొకడు!" అని ఆయన విసుక్కున్నారు. రాత్రిపూట తలుపు తియ్యడానికి ప్రత్యేక అనుమతి ఇస్తే సరిపోతుంది కదా అని హైమవతి ఆరోసారి అడిగింది. అలా ఒకరికిస్తే కెమిస్ట్రీవాళ్లూ అడుగుతారనీ, వాళ్ల చేతుల్లో గుడ్లున్నాయనీ రిజిస్ట్రారుగారు గుర్తుచేశారు.

అప్పుడు టీలు పట్టుకొచ్చిన అప్పలకొండ, కప్పులు సర్దుతూ సర్దుతూ, "దీనికింత ఆలోసనేటండి? గడియారం తిప్పీమంటే ఇప్పుడే తిప్పీత్తాను. ఏడు గంటల్ని పదనుకుంటే సరిపోద్ది," అన్నాడు. అతను ఎగతాళికే అన్నాడు.

గదిలో ఎవరూ నవ్వలేదు. భీమశంకరంగారు కప్పు కింద పెట్టారు.

"మెట్ట మీది గడియారం ఎవరిది?"

"విశ్వవిద్యాలయానిదేనండి," అన్నారు పాణిగ్రాహిగారు.

"ఆకాశం?"

"అది మన ఆస్తుల జాబితాలో లేదండి."

"మరి మన అధీనంలో లేనిదాన్ని మార్చాలని నెలరోజులుగా తంటాలు పడుతున్నాం. మన అధీనంలో ఉన్నదాన్ని వదిలేశాం," అన్నారు రిజిస్ట్రారుగారు. ఆయన ముఖంలో ముప్పై మూడేళ్లలో ఎప్పుడూ లేని వెలుగు కనబడింది.

త్రినాథరావుగారు ఒక్కరే అడ్డం తిరిగారు. "రాత్రి ఏడింటికి పొద్దున్న పది అని నేను సంతకం పెట్టనండి. పరీక్షలంటే వేళాకోళం కాదు," అన్నారు. ఆయన అసమ్మతిని నమోదు చేసుకుని ఉత్తర్వు వెలువరించారు.

"నెమలిమెట్ట గేటు మొదలుకొని గుమ్మటము పర్యంతము గల ప్రదేశమందు కాలము ప్రాంగణ కాలము కంటె తొమ్మిది గంటలు వెనుకగా నడచునది. దీనిని నెమలిమెట్ట కాలమానము అని వ్యవహరించవలెను. సదరు ప్రదేశమందు తేదీ, వారము, పని వేళలు, సర్వీసు విషయములన్నియు ఈ కాలమానము ననుసరించియే పరిగణింపబడును."

తలుపు దగ్గరి యంత్రానికి కొత్త కాలం నేర్పించారు. ఆ రోజు రాత్రి ఏడింటికి హైమవతి ముఖం చూడగానే అది "శుభోదయం" అని తాళం తీసింది. ఇంతకాలం తర్వాత గుమ్మటం కిర్రుమని తెరుచుకుంటే, పైన చుక్కలు. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఇందులో ఎంత పిచ్చి ఉందో హైమవతికి తెలియక కాదు. కానీ తలుపు తెరుచుకుంది. ఆవిడ వెళ్లి దూరదర్శిని మూత తీసింది.

నాలుగు రోజులు గడిచాయి. అయిదోనాడు పొద్దున్నే గేటు దగ్గర ఒక కుర్రాడు నిలబడి ఉన్నాడు. బీకాం పరీక్ష ఫీజు కట్టడానికి గడువు నిన్నటితో అయిపోయిందట.

"మెట్ట మీద ఇంకా నిన్నేనటగా మేడమ్?" అన్నాడు.

హైమవతి గడియారం చూసుకుంది. కింద పొద్దున్న ఏడున్నర. అంటే మెట్ట మీద ముందురోజు రాత్రి పదిన్నర. అప్పలకొండ ఆ దరఖాస్తు తీసుకుని నిన్నటి తేదీ ముద్ర కొట్టాడు.

వారం తిరక్కుండా గడువు దాటిన ప్రతి మనిషీ మెట్ట ఎక్కడం మొదలెట్టాడు. స్కాలర్‌షిప్పులవాళ్లు వచ్చారు. హాస్టలు గది ఖాళీ చెయ్యవలసినవాళ్లు పరుపుచుట్టలతో వచ్చారు. నిన్నటి దాకా చెల్లే బస్సు పాసు పట్టుకుని ఒకాయన, కండక్టర్ని కూడా మెట్ట మీదికి రమ్మని బతిమాలుతూ వచ్చాడు. సంస్కృతం ప్రొఫెసరుగారు పెళ్లిరోజు మర్చిపోయి, మర్నాడు పొద్దున్నే భార్యని నెమ్మదిగా మెట్ల మీంచి నడిపించుకొచ్చి, మెట్ట మీద శుభాకాంక్షలు చెప్పారు. ఆవిడ ఆ కాలమానాన్ని గుర్తించలేదు. ఇక పాణిగ్రాహిగారైతే పగలు కింద పది నుంచి అయిదు, రాత్రి పైన పది నుంచి అయిదు హాజరు వేయించుకుంటూ, ఇరవై ఎనిమిదో తేదీ వచ్చేసరికి జనవరిలో ముప్పై ఆరు పనిదినాలు పూర్తిచేశారు. ఆయన అంకితభావాన్ని మెచ్చుకుంటూ వైస్ ఛాన్సలర్‌గారి దగ్గర్నుంచి ఉత్తరం కూడా వచ్చింది.

ఇంత హడావుడిలో పరీక్ష మాత్రం జరగలేదు. తలుపు తెరుచుకున్న మర్నాటి నుంచే జనవరి మంచు మెట్టని దుప్పటిలా కప్పేసింది. రోజూ ఏడింటికి పదకొండు మందీ శాలువాలు కప్పుకుని వచ్చేవారు, పైకి చూసేవారు, తెల్లగా ఏమీ కనబడక తిరిగి వెళ్లేవారు. ముప్పయ్యో తేదీన ధనలక్ష్మి మెట్ల మీద కూర్చుండిపోయింది.

"రేపు కూడా మంచైతే ఏటి మేడమ్?"

"రేపు మంచుండదు," అంది హైమవతి. ఎందుకన్నదో ఆవిడకే తెలియదు. ఖగోళశాస్త్రం చదువుకున్న మనిషి అలాంటి మాట అనకూడదు.

ముప్పై ఒకటిన మధ్యాహ్నం గాలి తిరిగింది. సాయంత్రానికి ఆకాశం కడిగిన పలకలా ఉంది.

అదే సాయంత్రం కింద పరిపాలనా భవనంలో భీమశంకరంగారికి వీడ్కోలు సభ జరిగింది. శాలువా కప్పారు, బంతిపూల దండ వేశారు, వెండి గ్లాసు ఇచ్చారు. సరిగ్గా అయిదింటికి కొత్త రిజిస్ట్రారు బాధ్యతలు స్వీకరించారు. కొత్త రిజిస్ట్రారు ఇంకెవరో కాదు, పొట్నూరు త్రినాథరావుగారే. ఆయన కుర్చీలో కూర్చోగానే చేసిన మొదటి పని నెమలిమెట్ట కాలమానాన్ని రద్దు చెయ్యడం. "ఈ ఉత్తర్వు 31వ తేదీ సాయంత్రము 5.30 గంటల నుండి అమలులోనికి వచ్చును" అని నల్ల పెన్నుతో రాసి, పచ్చ పెన్నుతో సంతకం చేసి, బంట్రోతు చేతికిచ్చి మెట్ట మీదికి పంపించారు.

బంట్రోతు కంటే ముందు భీమశంకరంగారు మెట్ట ఎక్కారు. మెడలో దండ అలాగే ఉంది. చేతిలో వెండి గ్లాసు. ఎందుకొచ్చారని హైమవతి అడగలేదు. ఆయనే చెప్పారు.

"కారెక్కించారమ్మా. ఇంటికి పొమ్మన్నారు. సాయంత్రం అయిదున్నరకి నేనెప్పుడూ ఇంట్లో లేను. అక్కడ ఏం చేస్తారో నాకు తెలీదు. డ్రైవర్ని ఇటు తిప్పమన్నాను." కాసేపు ఊపిరి తీసుకుని, "ఇప్పుడిక్కడ టైమెంత?" అన్నారు.

"ఉదయం ఎనిమిదీ నలభై అండి."

ఆయన దండ మెడలోంచి తీసి పక్కన పెట్టారు. "అయితే ఇది ఇంకా వెయ్యలేదు," అన్నారు.

అప్పలకొండ కుర్చీ వేశాడు. ఆయన కూర్చున్నారు. కూర్చోగానే వీపు నిటారైంది.

బంట్రోతు తెచ్చిన రద్దు ఉత్తర్వు చదివి హైమవతి గుమ్మటం తలుపు వైపు చూసింది. కాలమానం పోతే తలుపు తెరుచుకోదు. తలుపు తెరుచుకోకపోతే పరీక్ష లేదు. భీమశంకరంగారు ఆ కాగితాన్ని అందుకుని కళ్లజోడు సవరించుకున్నారు.

"బాగా రాశాడు. తేదీ ఉంది, సమయం ఉంది, నంబరుంది. సాయంత్రం అయిదున్నర నుంచి అమలు. ఇప్పుడు తొమ్మిది కూడా కాలేదు. అయిదున్నర అవగానే తప్పకుండా అమలు చేద్దాం. ఈలోగా పరీక్ష కానివ్వండి."

ఏడింటికి యంత్రం "శుభోదయం" అంది. పరీక్ష మొదలైంది. పదకొండు మందికీ పదకొండు పేర్లు చీట్లు వేసి ఇచ్చారు. ధనలక్ష్మికి శని వచ్చింది. అది నక్షత్రం కాదు, గ్రహం కదా అని హైమవతి సందేహిస్తే, "పేరు వేరైతే చాలమ్మా. నిబంధన అంతే," అన్నారు రిజిస్ట్రారుగారు. శని పడమట వాలిపోతోంది కాబట్టి ఆ అమ్మాయినే ముందు పిలిచారు. అప్పలకొండ గుమ్మటం తిప్పాడు. ధనలక్ష్మి వలయాల వెడల్పు కొలిచి, రాసి, మళ్లీ కొలిచి, కొట్టేసి, మళ్లీ రాసింది. శనిని కనబడేలా అలాగే ఉంచేసి, మిగతావాళ్లకి బయట చిన్న దూరదర్శినులు పెట్టారు. ఎవరి చుక్క వాళ్లది. ఒకరి జవాబుకీ ఇంకొకరి జవాబుకీ పొంతన లేదు. కాపీ అనడానికి ఎక్కడా వీల్లేదు.

ఎనిమిదీ ఇరవైకల్లా చివరి అబ్బాయి కూడా కాగితం ఇచ్చేశాడు. హైమవతి అక్కడికక్కడే మార్కులు వేసింది. ఇక కావలసింది పరీక్షల కంట్రోలరు సంతకం. ఆ సంతకం లేని మార్కుల జాబితాని బెంగళూరువాళ్లు చూడను కూడా చూడరు. కంట్రోలరుగా ఉండిన మనిషేమో కింద రిజిస్ట్రారై కూర్చున్నారు.

సరిగ్గా అప్పుడే మెట్ల మీద టార్చిలైట్లు కనబడ్డాయి. ఇద్దరు సెక్యూరిటీవాళ్లని వెంటబెట్టుకుని త్రినాథరావుగారు గేటు తోసుకుని వచ్చారు.

"ఏమిటిదంతా? నా ఉత్తర్వు అందలేదా?"

"రండి కంట్రోలర్ గారూ, మీ కోసమే చూస్తున్నాం," అన్నారు భీమశంకరంగారు.

"నేను రిజిస్ట్రార్ని!"

"ఎప్పట్నుంచి?"

"ఇవాళ సాయంత్రం అయిదు గంటల నుంచి!"

"ఇక్కడ ఉదయం పదకొండున్నర అయింది. సాయంత్రం కానివ్వండి, నేనే లేచి కుర్చీ ఇస్తాను. అప్పటిదాకా మీరు కంట్రోలరు, నేను రిజిస్ట్రారు. ఉత్తర్వులో సర్వీసు విషయములన్నియు అని ఉంది, చూశారా?"

సెక్యూరిటీవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్లలో పెద్దవాడు అప్పలకొండ దగ్గరికి జరిగి, "ఇప్పుడు మేం ఎవుల్ని దించాల?" అని మెల్లగా అడిగాడు.

"నాకేటి తెలుసు? మజ్జాన్నం బోయినాలేల అవతంది. కూసోండి," అన్నాడు అప్పలకొండ.

భీమశంకరంగారు ఒక తెల్లకాగితం తీసుకుని, నింపాదిగా రెండు వాక్యాలు రాసి, సంఖ్య, తేదీ వేసి, సంతకం చేసి, అప్పలకొండ చేత ముద్ర కొట్టించి ముందుకి జరిపారు. పదకొండు మంది అభ్యర్థుల మార్కుల జాబితాపై పరీక్షల కంట్రోలరు తక్షణమే సంతకం చేయవలసిందిగా అందులో ఉంది.

త్రినాథరావుగారు దాన్ని చించి పారేసి ఉండవచ్చు. హైమవతి అదే జరుగుతుందనుకుంది. ధనలక్ష్మి కళ్లు ఆ కాగితం మీదే ఉన్నాయి. కానీ ఆయన ఇరవై ఆరేళ్ల సర్వీసులో పైఅధికారి చేతిరాతతో వచ్చిన ఆదేశాన్ని ఏనాడూ కాదని ఎరగరు. ఉత్తర్వు సంఖ్య చూశారు. తేదీ చూశారు. ముద్ర చూశారు. ఎక్కడా తప్పు దొరకలేదు. ఆయన చెయ్యి ఆయన్ని అడక్కుండానే జేబులోంచి నీలం పెన్ను తీసింది.

"నా అసమ్మతి రాసుకోండి," అన్నారు, సంతకం చేస్తూ.

"రాశాను. పదకొండూ యాభై," అన్నారు భీమశంకరంగారు.

హైమవతి ఆ జాబితాని ఫోనులో ఫొటో తీసి, అక్కడే నిలబడి బెంగళూరుకి పంపించింది. చేరిందని జవాబు రాగానే ధనలక్ష్మి గట్టిగా ఒక కేక పెట్టి, అప్పలకొండ రెండు చేతులూ పట్టుకుని గిరగిరా తిప్పేసింది. గుమ్మటాన్ని తిప్పడమే తప్ప తిరగడం అలవాటు లేని అప్పలకొండ, "పడిపోతానమ్మా, వొగ్గీ, వొగ్గీ," అని మొత్తుకున్నాడు.

ఆ అమ్మాయే తర్వాత భీమశంకరంగారి దగ్గరికి వచ్చింది. "సార్, శని ఇంకో పావుగంటలో దిగిపోతాడు. ఓసారి సూస్తారా?"

"నేనా?" అన్నారాయన. ముప్పై మూడేళ్లలో ఆ దూరదర్శినికి సంబంధించిన ప్రతి కాగితం మీదా ఆయన సంతకం ఉంది. దానికి కన్ను ఆనించింది మాత్రం లేదు. కళ్లజోడు తీసి, కొంచెం వంగి చూశారు. చాలాసేపు కదల్లేదు.

"ఇది ఎప్పట్నుంచీ ఇలా ఉంది?" అన్నారు చివరికి.

"ఎప్పట్నుంచో అండి," అంది హైమవతి. "మనుషులు పుట్టకముందు నుంచీ."

"నా దాకా ఫైలు రాలేదే!" అన్నారాయన.

ఈలోగా త్రినాథరావుగారు విసవిసా నడుచుకుంటూ గేటు దాటేశారు. దాటగానే వెనక్కి తిరిగి, టార్చిలైటు హైమవతి మీద వేశారు.

"ఇప్పుడు నేను రిజిస్ట్రార్ని! ఈ పరీక్ష చెల్లదు. రేపు పొద్దున్నే రద్దు చేస్తాను."

హైమవతి గేటు దాకా వచ్చింది. "చెయ్యొచ్చండి. కానీ మెట్ట కాలం లేదని రాస్తే, మీరు సంతకం పెట్టింది రాత్రి ఎనిమిదీ యాభైకి అవుతుంది. పని వేళలు దాటాక, మీది కాని ఉద్యోగంలో పెట్టినట్టవుతుంది. అది కూడా ఆ ఫైల్లో రాయాలి కదండీ."

టార్చిలైటు ఆరిపోయింది. ఆ ఫైలు ఎలా ఉంటుందో, అందులో ఎర్ర పెన్నుతో ఎక్కడెక్కడ గీతలు పడతాయో ఆయన కళ్లకి కట్టినట్టు కనబడి ఉండాలి. కిందికి పోవడానికి ఒక మెట్టు దిగారు. గుమ్మటంలోంచి భీమశంకరంగారి గొంతు వినబడింది, రిటైరైన మనిషి గొంతులా లేదది.

"త్రినాథరావుగారూ! చుట్టూ పళ్లెం లాగా ఉందండీ! పళ్లానికీ దానికీ మధ్య సందు కూడా కనబడుతోంది! ఎవరు పెట్టారండీ అలాగ?"

త్రినాథరావుగారు ఆగారు. దిగిన మెట్టు మళ్లీ ఎక్కారు. గేటు మీద చెయ్యి వేసి, హైమవతి వైపు చూడకుండా, గొంతు తగ్గించి అడిగారు.

"లోపలికొస్తే మళ్లీ కంట్రోలర్నే అవుతానా?"

"అంతేనండి. ఇక్కడ సాయంత్రం అయిదయ్యేదాకా, అంటే కింద రాత్రి రెండింటి దాకా."

ఆయన కింద దీపాల్లో మెరుస్తున్న పరిపాలనా భవనం వైపు ఒకసారి చూశారు. జేబులో పెన్నులు నాలుగూ సరిగ్గా ఉన్నాయో లేదో తడుముకున్నారు. తర్వాత చెప్పులు విడిచి, గేటు తీసుకుని లోపలికి వచ్చారు.